లేని వేలు

యేనా ఊళ్లో, జాలె నది మలుపు దగ్గర,
కటకాలు అరగదీసే కార్ఖానా వెనకవీధిలో
మా మామయ్య ఒట్టోమర్ వంటిల్లు.
గురువారం గురువారం అక్కడ
ప్రపంచం ఉందా లేదా అని తేల్చేవారు.

తేలేది కాదు.
కెటిల్లో నీళ్లు మాత్రం మరిగి మరిగి సగమయ్యేవి.

లేబరెక్ట్ చర్చిల్లో ఆర్గన్లు శ్రుతి చేసే మనిషి.
పెద్ద చెవులు, మోచేతుల దగ్గర అరిగిన కోటు.
"చూసేవాడు లేకపోతే ఈ బల్ల ఎక్కడిదోయ్?" అనేవాడు.
"నువ్వు రాని రోజుల్లోనూ దీనిమీదే తింటున్నాను."
"తినేది నువ్వు, చూసేదీ నువ్వే. మరి నువ్వు నిద్రపోయాక?"
"నిద్రమత్తులో నీళ్లకని లేస్తే
దీని కాలే నా కాలికి తగిలింది. ఇదిగో!"
మేజోడు విప్పి నల్లబడ్డ గోరు చూపించేవాడు మామయ్య.
లేబరెక్ట్ ఆ గోటిని శ్రద్ధగా చూసేవాడు,
స్వరాల కాగితంలో తప్పు వెతుకుతున్నట్టు.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. పొయ్యిలో బొగ్గు వేయడం నా పని.
నేలమాళిగకి పదిహేడు మెట్లు.
బకెట్టులో ఏముందని నన్నెవరూ అడగలేదు.
అడిగుంటే చెప్పేదాన్ని:
ఎక్కేటప్పుడు బొగ్గు,
దిగేటప్పుడు భయం.
మూల నక్కినదేమీ లేదని
మామయ్య ఓసారి దీపం తెచ్చి చూపించాడు.
దీపం ఉన్నంతసేపూ లేదు, నిజమే.

మామయ్య చేతిలో గాజు
వెంట్రుకలో వెయ్యోవంతు దాకా మాట వినేది.
"ఇది నా తలలో ఉన్న వంపు కాదు,
గాజు ఒప్పుకున్న వంపు. పదార్థం, పదార్థం!"
"ఆ పదమెవరిది? అర్థమెవరిది?
వంపు ముందు నీ తలలోనే కదా పుట్టింది!"
"మరి నీ ఆర్గన్? సీసమూ తగరమూ కరిగించి పోసిన గొట్టాలు!"
"వాటిలో ఏది అపస్వరమో సీసం చెబుతుందా నీకు?"
అక్కడ ఇద్దరూ కాసేపు ఆగేవారు.
రొట్టె కోసుకునేవారు.

ఆ ఫిబ్రవరిలో, నది గడ్డకట్టిన వారం,
పట్టా తెగి యంత్రం
మామయ్య కుడిచేతి చూపుడువేలు తీసుకుపోయింది.
మొదలంటా.

తర్వాతి గురువారం కట్టుతోనే కూర్చున్నాడు.
చెయ్యి బల్లమీద పెట్టి, చాలాసేపటికి,
దొంగతనం ఒప్పుకుంటున్నవాడిలా
"దురద పెడుతోంది" అన్నాడు.
"ఏది?"
"లేని వేలు."

నేను బకెట్టుతో అలాగే నిలబడిపోయాను.
ముప్పై ఏళ్ల వాదం గెలవడానికి
లేబరెక్ట్‌కి ఒక్క మాట చాలు.
నోరు తెరిచాడు కూడా.
మూసుకున్నాడు.
కుర్చీ దగ్గరికి జరుపుకుని
వేలు ఉండవలసిన చోట,
వట్టి బల్లని,
గోళ్లతో మెల్లగా గోకాడు.
గరగర.
"ఇక్కడా?"
"ఇంకొంచెం పైన."

ఆ పై వారం మళ్లీ మొదలెట్టారు.
తెగిన నరం పాత చిరునామాకే ఉత్తరాలు రాస్తుందని మామయ్య,
ఉత్తరం చదువుకుంటున్నదెవరని ఆయన.
అరుపులు. ఆవిరి.
పక్కింటి ఫ్రావు క్రెష్మర్ గోడ మీద చీపురుకర్రతో కొట్టింది.
"విన్నావా, అది బయటి ప్రపంచం" అన్నాడు మామయ్య.

ఇద్దరూ పోయాక, బొగ్గు దొరకని ఒక చలికాలం,
ఆ బల్లని నేనే గొడ్డలితో చీల్చి పొయ్యిలో పెట్టాను.
బీచ్ చెక్క. బాగా మండింది.
మామయ్య గోరు నల్లబరిచిన కాలు
అన్నిటికన్నా ఆఖర్న.
చేతులు వెచ్చబడ్డాయి, అది అబద్ధం కాదు.

ఇప్పటికీ ఏ అర్ధరాత్రో నీళ్లకని లేస్తే
దీపం వెయ్యను, అలవాటు లేదు.
బల్ల ఉండిన చోటుని
చుట్టి నడుస్తాను.